ఫాల్స్ సీలింగ్‌లో ఫ్యాన్ వద్దు, ముందు డాబా మీద తెల్ల పూత వేయించండి

విశాఖలో పై అంతస్తు, రాత్రి పదకొండైనా స్లాబు సెగ కొడుతోంది, ఫాల్స్ సీలింగ్ పైన ఉన్న ఖాళీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించనా, కూలర్ కొననా అని అడిగారు. రెండూ వద్దండి.

పైకప్పు కింద గాలి ఆడించడం పెంకుటిళ్లకీ రేకుల గదులకీ పనికొస్తుంది. చూరు దగ్గర గాలి లోపలికొస్తుంది, కొప్పు దగ్గర బయటికి పోతుంది. మీది కాంక్రీటు. పగలంతా ఎండ తాగి, పొద్దుపోయాక ఆ సెగని నేరుగా సీలింగ్ బోర్డు మీదకి కక్కుతుంది, మధ్యలో గాలి తోడినా పెద్దగా తగ్గదు. పైగా బయటి గాలి వచ్చే కంత లేకపోతే, ఆ ఫ్యాన్ లైట్ల సందుల్లోంచి మీ ఏసీ గాలినే లాగి వీధిలో పోస్తుంది.

ఇక కూలర్. 34 డిగ్రీల ఎండ, 70 శాతం తేమ ఉన్న రోజున నీటి ఆవిరితో గాలి ఎంత చల్లబడినా 29 డిగ్రీల కిందకి దిగదు. మిగిలేది ఉక్కపోతే. పొడి గాలి ఉండే అనంతపురంలో, చుట్టాలింట్లో బాగా పనిచేసిందని ఇక్కడ కొనకండి.

డబ్బు పెట్టాల్సింది డాబా మీద. సున్నం చవకే గానీ ఒక వానాకాలానికి కొట్టుకుపోతుంది. కూల్ రూఫ్ పెయింటు అయితే 600 చదరపు అడుగులకి రెండు పూతలు, సుమారు 25–30 లీటర్లు. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ (ఎండని వెనక్కి కొట్టి వేడెక్కకుండా ఉండే గుణానికి కొలత) 100కి పైన ఉండాలి. ముందు నాచు మీద బ్లీచింగ్ పౌడరు నీళ్లు పోసి, అరగంటాగి వైరు బ్రష్షుతో రుద్ది కడగండి. బీటల్ని కాస్త వెడల్పుగా చెక్కి ఫిల్లర్ నింపండి. ఆరాక ఒక పాలిథిన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. తెల్లారి దాని కింద చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి. బుడగలు లేచేది ఎక్కువగా ఈ చెమ్మ వల్లే, పెయింటరు తప్పు కాదు. ఏసీ నీళ్ల గొట్టం డాబా మీదకి వదిలి ఉంటే అదీ మళ్లించండి. పల్చటి ప్రైమర్ తర్వాత ఒక పూత నిలువు, ఒకటి అడ్డం, మధ్యలో కనీసం 4 గంటలు. మధ్యాహ్నం కాలే స్లాబు మీద వేస్తే పెయింటు పట్టు దొరక్కముందే ఎండిపోతుంది. ఉదయమే మొదలుపెట్టించండి. ఏటా ఫిబ్రవరిలో ఒకసారి కడగాలి, దుమ్ము పట్టిన తెలుపు ఎండని అంతగా వెనక్కి కొట్టదు.

పడమటి కిటికీకి లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే అద్దం దాటి ఉంటుంది. బయట వెదురు తడిక కట్టండి. కొక్కేలు స్టెయిన్‌లెస్‌వే తీసుకోండి, ఉప్పు గాలికి జీఐ (జింకు పూత వేసిన ఇనుము) తొందరగా తుప్పు పడుతుంది. అప్పటికీ ఏసీ కావాలంటే 26లో పెట్టి, కరెంటు తక్కువ తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ తిప్పండి.