పోలీస్ స్టేషన్లో కెమెరాలు, పరికరాల వివరాలు మనం అడగొచ్చా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీరు అడిగింది ఇదీ: మీ తమ్ముణ్ణి రాత్రి పూట రోడ్డు మీద ఆపి సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకున్నారు, తర్వాత స్టేషన్‌కి తీసుకెళ్లి రెండు గంటలు కూర్చోబెట్టారు. ఏ రూలు ప్రకారం ఫొటో తీశారు, స్టేషన్లో కెమెరాలు పనిచేస్తున్నాయా అని మామూలు మనిషి అడగొచ్చా, అడిగితే కక్ష కడతారా అని. అడగొచ్చు. కక్ష సంగతి కూడా చెప్తాను, మా ఇంట్లోనూ ముందు పట్టుకున్నది ఆ భయమే.

2022 వేసవిలో మా బాబాయిని పొలం గట్టు తగాదా గురించి స్టేషన్‌కి రమ్మన్నారు. పొద్దున పదింటికి వెళ్లిన మనిషి రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాడు. కేసు లేదు, కాగితం లేదు. ఎడమ చెంప వాచి ఉంది. పిన్ని అన్నం పెడితే ముద్ద కుడివైపుకు నెట్టుకుని నములుతున్నాడు. ఎవరు కొట్టారు బాబాయ్ అంటే, "పోనీలేరా, రేపు మళ్లీ వాళ్లతోనే పని" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

సుప్రీంకోర్టు తీర్పు గురించి పేపర్లో చదివిన గుర్తు ఉంది, వెతికి పట్టుకున్నాను. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసు, 2020 డిసెంబరు 2. దేశంలో ప్రతి పోలీస్ స్టేషన్లో గేటు, లాకప్పులు, వరండా, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, వెనక వైపు కూడా కెమెరా ఉండాలి, చీకట్లోనూ కనపడాలి, మాట కూడా రికార్డవ్వాలి అని అందులో ఉంది. రికార్డింగు 18 నెలలు ఉంచాలి, అంత సామర్థ్యం ఉన్న పరికరం దొరక్కపోతే ఏడాదికి తగ్గకూడదు. కెమెరాలు పనిచేసేలా చూసే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌దే, అంటే స్టేషన్ ఇన్‌ఛార్జిదే. వీటన్నిటికంటే నన్ను కదిలించింది బోర్డు సంగతి. ఇక్కడ కెమెరాలున్నాయని, హక్కులకు భంగం కలిగితే మానవ హక్కుల కమిషన్‌కు గానీ ఎస్పీకి గానీ ఫిర్యాదు చేయొచ్చని, ఫుటేజీని కొంత కనీస కాలం ఉంచుతారని, దాన్ని భద్రపరచమని అడిగే హక్కు బాధితుడికి ఉందని స్థానిక భాషలో పెద్దగా రాసి స్టేషన్ గుమ్మంలోనూ లోపలా పెట్టాలి. మా బాబాయి దాదాపు పదకొండు గంటలు ఆ గోడల మధ్య కూర్చున్నాడు. అలాంటి బోర్డు ఆయనకు ఎక్కడా కనపడలేదు.

నేను చేసిన పొరపాటు చెప్తాను, మీరు చేయకండి. కోపం మీద సమాచార హక్కు (సహ) చట్టం కింద దరఖాస్తు రాశాను. "మా బాబాయిని ఎందుకు కొట్టారు? బోర్డు ఎందుకు పెట్టలేదు?" అని. ముప్పై రోజులకు జవాబొచ్చింది: వివరణలు ఇవ్వడం సమాచారం కిందకి రాదు. చట్టం ప్రకారం వాళ్లు చెప్పింది సరైనదే. మా ఊళ్లో రిటైరైన వీఆర్వో గారు ఆ కాగితం చూసి, "ఎందుకు అని అడక్కయ్యా, ఏ రిజిస్టర్లో ఉంటుందో దాని నకలు అడుగు" అన్నారు. ఆ ఒక్క మాటతో దారి దొరికింది.

రెండోసారి ఇలా రాశాను. ఫలానా స్టేషన్లో ఎన్ని కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే జాబితా. రికార్డింగు ఎన్ని రోజులు నిలవ ఉంటుందో తెలిపే ఉత్తర్వు నకలు. ఫలానా తేదీన ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర వరకు హాలు, వరండా కెమెరాల ఫుటేజీ. గత ఏడాదిలో కెమెరాలు పాడైనట్టు పై ఆఫీసుకు రాసిన లెటర్ల నకళ్లు. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి రిజిస్టర్ పోస్టులో పంపాను. తప్పు ఆఫీసుకు పంపినా పర్లేదు, అయిదు రోజుల్లో సరైన ఆఫీసుకు వాళ్లే బదిలీ చేయాలని సెక్షన్ 6(3) చెప్తుంది.

దరఖాస్తు వెళ్లిన వారానికి ఒక కానిస్టేబుల్ ఇంటికొచ్చాడు. ఇది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడిగాడు. గుండె దడదడలాడింది, అబద్ధం చెప్పను. నేనే పెట్టానండి, కారణం చెప్పాల్సిన పని లేదని సెక్షన్ 6(2)లో ఉంది అన్నాను. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. వారం రోజులు టెన్షన్ పడ్డాం, తర్వాత ఏమీ జరగలేదు. దరఖాస్తు బాబాయి పేరు మీద కాకుండా నా పేరు మీద పెట్టడం మంచిదైంది. ఏ పౌరుడైనా పెట్టొచ్చు కాబట్టి మీ తమ్ముడి బదులు మీరే పెట్టండి.

జవాబులో ఫుటేజీ లేదన్నారు, ముప్పై రోజులకు మించి నిలవ ఉండదట. ఏడాదికి తగ్గకూడదని తీర్పులో ఉంటే అక్కడ ఉన్నది నెల. లెటర్ల సంగతికి జవాబే లేదు. గడువులోపల మొదటి అప్పీలు వేస్తే అవి వచ్చాయి. రెండు కాగితాలు. హాల్లో కెమెరా పనిచేయడం లేదని, బాగు చేయించమని ఆ స్టేషన్ ఎస్సై గారే నాలుగు నెలల్లో రెండుసార్లు పైకి రాశారు. డబ్బు మంజూరు కాలేదు. ఆ కాగితం చేతిలో పట్టుకున్నప్పుడు నా కోపం సగం వేరే వైపు తిరిగింది. స్టేషన్లో ఏం జరిగిందో తేల్చే సాక్ష్యం మాకూ లేదు, కొట్టని పోలీసులకూ లేదు. ఆ నకళ్లు జతచేసి ఎస్పీ గారి ఆఫీసుకూ మానవ హక్కుల కమిషన్‌కూ రాశాం. కొన్నాళ్లకు హాల్లో కొత్త కెమెరా వచ్చింది, గేటు పక్కన తెలుగులో బోర్డు వచ్చింది. బాబాయికి మాత్రం ఆ రోజు ఫుటేజీ ఎప్పటికీ దొరకదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, ఫుటేజీ భద్రపరచమని మొదటి వారంలోనే లెటర్ రాసుంటే కనీసం వరండా కెమెరాదైనా బహుశా దొరికేది.

ఇక ఫొటో విషయం. తెలంగాణ పోలీసులు తమ ఫోన్లలో వాడే టీఎస్‌కాప్ యాప్‌లో ముఖాన్ని గుర్తుపట్టే టెక్నాలజీని 2018లో మొదలుపెట్టారు. 2021 మేలో హైదరాబాద్ పాతబస్తీలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను ఆపి, మాస్క్ తీయమని, ఆయన వద్దన్నా ఫొటో తీశారు. ఏ చట్టం కింద తీశారో చెప్పమని ఆయన లీగల్ నోటీసు పంపి, తర్వాత హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసిచ్చింది. అంటే మీ తమ్ముడి ప్రశ్న చిన్న ప్రశ్నేమీ కాదు. రోడ్డు మీద ఫొటో తీయడానికి ఉన్న ఉత్తర్వు లేదా సర్క్యులర్ నకలు, ఆ ఫొటో ఏ సిస్టమ్‌లో ఎన్నాళ్లు ఉంచుతారో తెలిపే కాగితం, పరికరం కొన్న ఆర్డర్ నకలు అడగండి. అలాంటి నియమాలు, మాన్యువళ్లు ఎవరూ అడక్కుండానే ప్రకటించాలని సెక్షన్ 4(1)(బి) చెప్తుంది, దరఖాస్తులో ఆ సంగతి రాయండి. దర్యాప్తుకు అడ్డం అంటూ సెక్షన్ 8(1)(హెచ్) చూపించి తిప్పి పంపొచ్చు. నేను అడుగుతున్నది ఎవరి కేసు వివరాలూ కాదు, అందరికీ వర్తించే నియమం అని అప్పీల్లో రాయండి. ఇవ్వకూడని భాగం ఏదైనా ఉంటే అది తీసేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 ఉంది.

మీ తమ్ముణ్ణి తీసుకెళ్లిన తేదీ మీరు రాయలేదు. ఇంకా నెల దాటకపోతే సహ చట్టం దరఖాస్తు రేపు రాసుకోవచ్చు. ఈరోజే ఎస్పీ గారికి, కమిషనరేట్ అయితే కమిషనర్ గారికి, తేదీ, టైము, స్టేషన్ పేరు వేసి "ఈ సమయం ఫుటేజీ చెరిగిపోకుండా భద్రపరచండి" అని నాలుగు లైన్లు రాసి, రసీదు వచ్చేలా రిజిస్టర్ పోస్టు చేయండి. రసీదు ఫొటో తీసి దాచండి. రాయడంలో సాయం కావాలంటే ఇక్కడే అడగండి, నా దరఖాస్తు నకలు పేర్లు తీసేసి పెడతాను.