శాన్ మర్జానో కాయ అడుగున నలుపు: మందు కాదు, తడి చూసుకోండి

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరులో ఉండే మా చెల్లెలు శాన్ మర్జానో అనే ఇటలీ టమోటా విత్తనాలు ఇచ్చింది. సంక్రాంతి దాటాక మిద్దె మీద ఎనిమిది బకెట్లలో నారు నాటాను. మనిషెత్తు పెరిగాయి. ఉగాది నుంచి పూత రాలిపోతోంది, నిలిచిన కాయలకేమో అడుగున నల్ల మచ్చ వస్తోంది. గుడ్డు పెంకుల పొడి వేసినా తగ్గలేదు. ఇది వైరస్సా? ఏం మందు కొట్టాలి? ఈ విత్తనం దాచుకోవచ్చా?

జవాబు: అమ్మా, మందు కొట్టే పని లేదు. ఒక కాయను నిలువుగా కోసి చూడండి. మచ్చ ఎండిన తోలులా ఉండి, పైన కండ శుభ్రంగా ఉంటే అది కాయ అడుగు కుళ్లు. పేరుకే కుళ్లు. దీన్ని తెచ్చే పురుగూ లేదు, బూజూ లేదు. కాయ కొసకు కాల్షియం అందక వచ్చే లోపం. ఆకుముడత వైరస్ అయితే ఆకులు చిన్నవై పైకి ముడుచుకుని మొక్క గిడసబారేది. మీవి మనిషెత్తు పెరిగాయంటున్నారు కదా.

గుడ్డు పెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది. అసలు మీ బకెట్లో కాల్షియానికి కొరత ఉండదు. మన బోరు నీళ్లు పట్టిన బిందె అడుగున తెల్లగా పేరుకునేదాంట్లో అదే ఎక్కువ. ఉన్నది కాయదాకా చేరడం లేదు, అంతే. కాల్షియం నీటితోపాటే వేరు నుంచి పైకి పోతుంది. వేడిగాలి కొడుతుంటే ఆ నీటినంతా ఆకులే గుంజుకుంటాయి. పొద్దున నిండా పోసిన బకెట్టు మధ్యాహ్నానికి పొడిబారి, సాయంత్రం మళ్లీ నిండా తడిస్తే, ఆ నడిమి గంటల్లోనే ఎదుగుతున్న పిందె కొస దెబ్బతింటుంది. ఇలాంటి పొడుగు కాయల రకాలకు ఇది మరీ ఎక్కువ.

కాబట్టి మట్టి మీద రెండంగుళాల మందాన శనక్కాయ పొట్టు పరచండి, మన దగ్గర దానికి కరువు లేదు. నీళ్లు ఒకేసారి కుమ్మరించకుండా పొద్దున కొంత, సాయంత్రం కొంత పోయండి. వేలు రెండో కణుపు దాకా గుచ్చితే ఎప్పుడూ చల్లగా తగలాలి. యూరియా, పచ్చి కోళ్ల ఎరువు వేస్తుంటే ఆపేయండి. ఆకు ఏపుగా పెరిగేకొద్దీ కాయకు అందేది తగ్గుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి సాయంత్రం పూట వారానికోసారి చొప్పున మొత్తం రెండుసార్లు పిచికారీ చేస్తే కొత్త పిందెలకు కొంత మేలు. తడి సరిగా లేకుండా అదొక్కటే పనిచేయదు. నల్లబడిన కాయ మళ్లీ బాగుపడదు, తెంపేయండి.

పూత రాలడం వేరే సంగతి. పగలు 35 డిగ్రీలు దాటితే పుప్పొడికి సత్తువ ఉండదు. రాత్రి కూడా చల్లబడకపోతే పిందె నిలవదు. ఈ రకం పుట్టింది నేపుల్స్ దగ్గర, వెసూవియస్ అగ్నిపర్వతం పక్కన సార్నో నది లోయలో. అక్కడ అది వేసవి పంటే, కానీ వాళ్ల వేసవి మన కార్తీకానికి దగ్గర. మీరు వినాయక చవితికి గింజ పోసి, 25–30 రోజుల నారు నాటండి. పూత కార్తీకంలో వస్తుంది, సంక్రాంతికి కాయ చేతికొస్తుంది. ఆరడుగుల వెదురు కర్ర తప్పనిసరి. ఇది ఆగకుండా పాకే రకం. కండ ఎక్కువ, గింజ తక్కువ కాబట్టి రోటి పచ్చడికి చాలా బాగుంటుంది. చారుకు మాత్రం పులుపు చాలదు, నాటు టమోటాయే వేసుకోండి.

విత్తనం నిక్షేపంగా దాచుకోవచ్చు, ప్యాకెట్ మీద ఎఫ్1 (అంటే హైబ్రిడ్) అని లేకపోతే. టమోటా తన పుప్పొడితోనే కాస్తుంది కనుక రకం పెద్దగా చెడదు. బాగా పండిన కాయ గుజ్జును గ్లాసులో రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, స్టీలు పళ్లెంలో నీడన ఆరబెట్టండి. ఒక్క మాట, ఎవరైనా ఇటలీ నుంచి పెట్టెలో గింజలు తెస్తామంటే వద్దనండి. తనిఖీ ధ్రువపత్రం లేని గింజతో కొత్త వైరస్‌లు రావచ్చు. మదనపల్లె చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు టమోటా మీదే బతుకుతున్నాయి.

ఇక ఇప్పుడున్న ఎనిమిదింటిలో బాగున్న రెండు మొక్కల్ని విత్తనానికి ఉంచి, పాత చీర అడ్డం కట్టి పడమటి ఎండ తగలకుండా చూడండి. మిగతా ఆరూ పీకేయండి. ఈ ఎండల్లో వాటికి పోసే నీళ్లు దండగ.