బియ్యం డబ్బా వెనక నోట్‌బుక్

చెన్నై అంబత్తూరు నుంచి ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది, కుదించి చెబుతున్నాను. వయసు ముప్ఫై తొమ్మిది. ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకి లెక్కలు చెబుతారు. భర్త పుట్టి పెరిగింది చెన్నైలోనే. ఇద్దరు పిల్లలు, అత్తగారు కూడా వీళ్ల దగ్గరే. చిత్తూరులో చదువుకునే రోజుల నుంచీ కథలు రాయాలని కోరిక. పోయినేడాది ఒక కథ అచ్చయింది. పత్రిక తెచ్చి చూపిస్తే భర్త "ఎంతిచ్చారు?" అన్నారట. ఆ రోజు నుంచి నోట్‌బుక్ బియ్యం డబ్బా వెనక దాచి, అందరూ పడుకున్నాక వంటగదిలో కూర్చుని పన్నెండున్నర దాకా రాస్తున్నారు. మళ్లీ పొద్దున్నే అయిదింటికి లేవాలి. ఉద్యోగం మానేస్తే తప్ప రాయలేనేమో, మానేయనా అని అడుగుతున్నారు.

అమ్మా, ఉద్యోగం మానకండి. తెలుగులో కథకి వచ్చే డబ్బుతో ఇల్లు గడవదని మీకూ తెలుసు. కానీ నా భయం డబ్బు గురించి ఒక్కటే కాదు. మీరు ఇంట్లో ఉంటే ఆ ఎనిమిది గంటలూ కథకి వస్తాయని అనుకుంటున్నారు, రావు. సిలిండర్ వస్తుంది, కొరియర్ వస్తుంది, ఊరి నుంచి వచ్చిన బంధువుని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తుంది, ఎవరు పిలిచినా "ఇంట్లోనే కదా ఉంటావు" అంటారు. పైగా జీతం వదులుకుని రాసిన ప్రతి కథనీ మీరే ఆ జీతంతో తూచుకుంటారు, ఆ బరువు కింద కథ నడవదు.

లెక్కల టీచర్‌కి కథలేమిటి అని స్టాఫ్ రూములో ఎవరో అన్నారని బాధపడ్డారు. కాళీపట్నం రామారావు గారు లెక్కల మాస్టారే. రాసిన కథలు తక్కువ, అయినా 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అని తెలుగు కథల లైబ్రరీ పెట్టారు. మీ చిత్తూరు జిల్లా మధురాంతకం రాజారాం గారు కూడా బడిపంతులే, ఆయన వందల కథలు రాశారు, ఆయనకి అకాడమీ అవార్డు 1993లో. ఇద్దరూ మగవాళ్లు కాబట్టి మీకున్నంత వంటపని, టిఫిన్ బాక్సుల హడావుడి వాళ్లకి ఉండి ఉండదు, అందుకని వాళ్లలా మీరెందుకు రాయలేరు అని నేను అడగను. బడి పని కథకి అడ్డు కాదని చెప్పడానికే వాళ్ల పేర్లు ఎత్తాను.

ఇక మీ ఆయన సంగతి. ఉత్తరం రెండో పేజీలో ఒక మాట రాసి దాటిపోయారు, "ఆయనకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు, చదివిందంతా తమిళ మీడియం." నేను అక్కడే ఆగిపోయాను. మీరు ఆయన చేతికి ఇచ్చిన పత్రికలో ఆయనకి తెలిసింది మీ ఫోటో ఒక్కటే! కథ బాగుందనడానికీ బాగోలేదనడానికీ ఆ మనిషికి దారి లేదు, తెలిసిన ప్రశ్న ఒకటి అడిగారు. అది మీకు గుచ్చుకుంది, గుచ్చుకోవడం సహజం, కానీ కథ విని కూడా ఆ మాట అనలేదు కదా ఆయన. పిల్లల సంగతీ అంతే. తమిళం నేర్పాలని తమిళనాడులో 2006లో చట్టం వచ్చాక బళ్లలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేస్తూ వచ్చారు, మీరు నేర్పితే తప్ప వాళ్లకి తెలుగు అక్షరాలు వచ్చే దారి లేకపోయింది. అంటే మీ కథని ఇంట్లో ఎవరూ చదవలేదు, వాళ్లకి ఇష్టం లేదని మీరు అనుకుంటున్నారు.

చదివి వినిపించండి. ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక, టీవీ కట్టేసి, కథ మొత్తం పైకి చదవండి. పదిహేను నిమిషాల పని. ఎలా ఉందని వెంటనే అడగొద్దు.

అత్తగారి మీద ఫిర్యాదుగా రాశారు, "మధ్యాహ్నమంతా పాత వారపత్రికలు తిరగేస్తూ కూర్చుంటారు, గ్లాసు కూడా కడగరు" అని. గ్లాసు సంగతి వేరే మాట్లాడుకుందాం. మీ ఇంట్లో తెలుగు కథలు చదివే మనిషి ఆవిడ ఒక్కరే, ఆవిడకి మీ కథ ఇంతవరకూ ఇవ్వలేదు. ఇవ్వండి. "ఇందులో అత్త నేనేనా?" అని అడగొచ్చు, అడిగితే కంగారుపడకండి, అబద్ధమూ చెప్పకండి.

అర్ధరాత్రి రాయడం మాత్రం ఆపేయాలి. నిద్ర చాలక తలనొప్పి, క్లాసులో పిల్లల మీద అరుస్తున్నాను అని మీరే రాశారు. స్కూలు మూడున్నరకి అయిపోతుంది కదా, స్టాఫ్ రూములో నాలుగింటి దాకా ఉండి రాసుకోండి, ఇంట్లో చెప్పే ఉండండి. ఆదివారం రెండు గంటలు మీవి, ఆ పూట టిఫిన్ మీ ఆయన చూస్తారు, లేదా హోటల్ నుంచి వస్తుంది. మార్చిలో పేపర్లు దిద్దే రోజుల్లో కథ జోలికి పోకండి, తోచింది ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసుకుంటే చాలు. నెలకోసారి లోకల్ ట్రైన్‌లో సెంట్రల్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీకి వెళ్లండి. 1896 నాటి లైబ్రరీ అది, దేశంలో అచ్చయిన పుస్తకం కాపీ పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఒకటి కాబట్టి తెలుగు పుస్తకాలూ అక్కడికి చేరతాయి.

పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్ చేస్తూ, మిగిలిన అడిషనల్ షీట్ మీద రెండు పేరాలు రాశానని మురిపెంగా చెప్పారు. ఆ మురిపెం నాకు అర్థమైంది, కానీ ఇంకోసారి ఆ పని చేయొద్దు, అది డ్యూటీ. ఆ రెండు పేరాల్లో ఉన్న పిల్లాడు మీ క్లాసు పిల్లాడే అయితే ఊరు, తండ్రి పని, ఇంటి గొడవ అన్నీ మార్చండి, వాళ్లమ్మ చదివినా పోల్చుకోలేనంతగా.

ఈ రాత్రికే ఆ నోట్‌బుక్ బియ్యం డబ్బా వెనక నుంచి తీసి హాల్లో పిల్లల పుస్తకాల పక్కన పెట్టండి. ఇదేమిటని ఎవరైనా అడిగితే "కథ రాస్తున్నా" అనండి, అంతే. ఆదివారం మీ ఆయన విని ఏమన్నారో నాకు రాయండి, ఏమీ అనకపోయినా రాయండి.