బార ఎత్తును ఇంతగా మించితే ముందు ఎకో, తర్వాతే పొజిషన్

ప్రశ్న: నా వయసు 17. వాలీబాల్‌లో మిడిల్ బ్లాకర్‌గా (నెట్ మధ్యలో నిలబడి బంతిని అడ్డుకునే ఆటగాడిగా) ఆడుతున్నాను. ఎత్తు 188 సెం.మీ., బరువు 64 కిలోలు, చేతులు బార్లా చాపితే 200 సెం.మీ. స్మాష్ కొట్టేవాళ్లకు బంతి అందించే సెట్టర్‌గా మారమని కోచ్ అంటున్నారు. నా కొలతలకు ఏ పొజిషన్ సరిపోతుంది? బరువు పెరగడానికి మాస్ గెయినర్ పొడి వాడొచ్చా? మోకాలి చిప్ప కింద నొప్పికి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. చిన్నప్పటి నుంచీ కళ్లద్దాలున్నాయి, పవర్ మైనస్ 6. మా మేనమామ 34 ఏళ్లకే గుండెపోటుతో పోయారని ఇంట్లో భయపడుతున్నారు.
– ఓ పాఠకుడు

జవాబు: పొజిషన్ సంగతి కాసేపు పక్కన పెడదాం. మీరు చివర్లో మాటవరసకు రాసినట్టున్న కళ్లద్దాలు, మేనమామ విషయాలే ముందు చూడాల్సినవి.

200ని 188తో భాగిస్తే 1.06 వస్తుంది. బార, ఎత్తు దాదాపు సమానంగా ఉండటం మామూలు. ఈ నిష్పత్తి 1.05 దాటితే మార్ఫాన్ సిండ్రోమ్ ఉందేమోనని వెతుకుతాం. ఇది సుమారు 5,000 మందిలో ఒకరికి ఉండే జన్యు సమస్య. ఫిబ్రిల్లిన్ అనే ప్రొటీన్‌లో లోపం వల్ల గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, అంటే అయోర్టా, మొదలయ్యే చోటే సాగి ఉబ్బుతుంది. ఒక్కోసారి గోడ చీలుతుంది. పొడవాటి చేతులున్న ఆటగాళ్లు చాలామందికి ఈ జబ్బు ఉండదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ పొడవు చేతులు, సన్నటి ఒళ్లు, మైనస్ 6 పవర్, రక్తసంబంధంలో చిన్న వయసు మరణం ఒకేచోట కలిస్తే తేలిగ్గా తీసుకోలేం. మిమ్మల్ని చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఇది నిర్ధారణ కాదు, అనుమానం మాత్రమే.

ముందు కొలత సరిచూసుకోండి. చెప్పులు విప్పి, మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి ఎత్తు తీయించండి. సాయంత్రానికి ఎత్తు సెంటీమీటరు దాకా తగ్గుతుంది కాబట్టి రెండు కొలతలూ ఒకే పూట తీసుకోవాలి. బార కొలిచేటప్పుడు చేతులు భుజాల ఎత్తులో ఉండాలి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస వరకు కొలవాలి. ఇంకో రెండు పరీక్షలు ఇంట్లోనే చూసుకోవచ్చు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి పిడికిలి బిగిస్తే, గోరున్న కణుపు మొత్తం చిటికెనవేలి వైపు నుంచి బయటికొస్తోందా? ఒక చేతి బొటనవేలు, చిటికెనవేలితో రెండో మణికట్టును చుడితే, బొటనవేలు చిటికెనవేలి గోరును పూర్తిగా కప్పేస్తోందా? ఇవి కనిపించకపోయినా పరీక్ష మానకండి.

చేయించాల్సింది ఎకోకార్డియోగ్రామ్ (ఎకో), అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్. ఈసీజీ నార్మల్‌గా ఉందని ఇంటికొచ్చేయకండి, అందులో అయోర్టా వెడల్పు తెలియదు. అయోర్టా మొదట్లో సైనస్ అనే ఉబ్బెత్తు భాగం దగ్గర (ముక్కు సైనస్ కాదు) ఎన్ని మిల్లీమీటర్లుందో, మీ శరీర పరిమాణానికి జెడ్ స్కోర్, అంటే సగటు నుంచి తేడా, ఎంతో రిపోర్టులో రాయమని అడగండి. ‘పొడగరి కదా, పెద్దదిగానే ఉంటుంది’ అని సరిపెట్టడం తప్పు. ఆరోగ్యంగా ఉన్న మగ క్రీడాకారుల్లో కూడా 40 మి.మీ. దాటడం అరుదు. కంటి డాక్టర్‌తో కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించి, కంటి లోపలి కటకం పక్కకు జరిగిందేమో చూపించుకోండి. ఇవన్నీ తేలే వరకు మ్యాచ్‌లు, ఊపిరి బిగబట్టి ఎత్తే బరువులు వద్దు. అలా ఎత్తినప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

1984 ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో మ్యాచ్ నడుస్తుండగా బెంచీ మీదే కుప్పకూలి, 31 ఏళ్లకే చనిపోయారు. మొదట గుండెపోటు అనుకున్నారు. శవపరీక్షలో తేలింది మార్ఫాన్, చీలిన అయోర్టా. మీ మేనమామకు వచ్చింది నిజంగా గుండెపోటేనా అన్నది అందుకే అడుగుతున్నాను. పాత ఆసుపత్రి కాగితాలు ఏవైనా ఉంటే కార్డియాలజిస్టుకు చూపించండి.

ఇక మందుల షాపు వైద్యం. డైక్లోఫెనాక్ ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో మీరు రాయలేదు, రాయనివాళ్లు సాధారణంగా చాలాకాలంగానే వేసుకుంటుంటారు! నొప్పి తెలియకుండా చేసి, దెబ్బతిన్న టెండన్‌తోనే (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీతోనే) మిమ్మల్ని గెంతిస్తుంది అది. కడుపు, కిడ్నీలు, బీపీ మీద పడే భారం అదనం. దానికంటే పెద్ద భయం ఇంకోటుంది. జ్వరానికో, విరేచనాలకో షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్ టెండన్లను తెంపగలవు. అయోర్టా బలహీనంగా ఉన్నవారికి చీలిక ముప్పు పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. మీకు రెండూ వర్తించవచ్చు. డాక్టర్ రాసినా సరే, ఈ అనుమానం సంగతి చెప్పి ప్రత్యామ్నాయం అడగండి.

మాస్ గెయినర్ ప్రస్తుతానికి వద్దు. వ్యాయామానికి ముందు తాగే ప్రీ-వర్కవుట్ పొడులు అసలే వద్దు, వాటిలోని ఉత్ప్రేరకాలు బీపీ పెంచుతాయి. మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 18 దగ్గర ఉంది. కారణం తేలాక డైటీషియన్ చూసుకుంటారు. మోకాలికి ఫిజియోథెరపిస్టును కలిసి, నొప్పి చిప్ప కింది అంచునా, ఇంకా కింద ఎముక బొడిపె మీదా అన్నది తేల్చుకోండి. రెంటికీ వ్యాయామాలు వేరు.

పొజిషన్ అడిగారు కాబట్టి: 2.43 మీటర్ల నెట్ దగ్గర తలెత్తు కన్నా చెయ్యెత్తి నిలబడితే అందే ఎత్తు ముఖ్యం, అది మీకు బాగానే ఉండి ఉంటుంది. అగ్రశ్రేణి మిడిల్ బ్లాకర్లు 2 మీటర్ల పైన ఉంటారు. సెట్టర్లలో 188 చెల్లుబాటవుతుంది. మీ కోచ్ లెక్క తప్పేం కాదు. కానీ సెట్టరూ గెంతాలి, బ్లాక్ చేయాలి. పొజిషన్ మారినంత మాత్రాన ముప్పు తగ్గదు.

ఛాతీలోగానీ భుజాల మధ్యగానీ చీల్చినట్టు నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఒకవైపు నొప్పితో హఠాత్తుగా ఆయాసం, చూపుకు తెర అడ్డం పడటం – వీటిలో ఏది వచ్చినా గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

మీకు ఎకోలో తేడా కనిపిస్తే మీ అమ్మగారికీ, తోబుట్టువులకూ ఎకో తీయించాలి. మేనమామ ఆమె తోబుట్టువు కాబట్టి, ఏ లక్షణం లేకున్నా ముందు వరసలో ఉండాల్సింది ఆమే.