పోల్చడమంటే కంపేర్ చేయడమేనా?

సందేహం: మా పాప ఇంగ్లీషు పాఠంలో ‘ఐ కాంట్ మేకౌట్ హిజ్ రైటింగ్’ అని ఉంది. ‘అతని రాత పోల్చలేకపోతున్నాను’ అని చెప్పాను. హైదరాబాద్‌లో ఉండే మా మరిది నవ్వి, పోల్చడమంటే కంపేర్ చేయడం కదా వదినా అన్నాడు. నేను చెప్పింది తప్పా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: తప్పు కాదమ్మా. మీ మరిదికి ఆ మాటకున్న రెండర్థాల్లో ఒకటే మిగిలింది, అంతే.

పోలు అంటే ఒకదానిలా ఉండటం. తమిళంలో ‘పోల’, కన్నడంలో ‘హోలు’ దీని తోబుట్టువులే. దాని ప్రేరణార్థకం పోల్చు. రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే మీ మరిది చెప్పిన పోల్చడం. కంటికి ఆనినదాన్ని మనసులోని రూపంతో సరిచూసి ‘ఫలానా’ అని తేల్చుకున్నా పోల్చడమే. పెళ్లిలో ఎవరి పిల్లనో చూసి “నువ్వు ఫలానావారి మనవరాలివి కదూ” అంటారే, అది.

గుర్తుపట్టడం వేరు. దానికి పుట్టుమచ్చో, గాటో ఏదో ఒక గుర్తుండాలి. మీరు రోజూ వినే ఒడియా ‘చిహ్నిబా’ కూడా చిహ్నం నుంచి వచ్చిందే. పోల్చడానికి మొత్తం రూపు లీలగా తోస్తే చాలు. విరాటపర్వంలో అర్జునుడి గుర్తులన్నీ బృహన్నల వేషం మింగేసింది. అయినా కౌరవపక్షపు పెద్దలు దూరాన్నుంచే పోల్చారు. తిక్కన ‘సింగం బాకటితో’ అని ఎత్తుకుని, గుహలో మగ్గిన సింహం ఏనుగుల మందను చూసి కోపంతో వచ్చే తీరంతా చూపించాక గానీ ‘వీడె వచ్చెం గుంతీసుతమధ్యముండు’ అనడు. ముందు రూపు, తర్వాత పేరు. పోల్చు అన్న మాట ఆ పద్యంలో లేదు, పని మాత్రం జరిగిపోయింది!

ఇంత మాట ఉండగా ‘ఐడెంటిఫై చేయలేకపోయాం’ అనడం బద్ధకం. 1936లో మీ ఊరు ఒరిస్సాలో కలిసేదాకా గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడే ఉండి, శిష్టుల నోటి మాటే ప్రమాణమని వాదించారు. ఆ ఊరివారు హైదరాబాద్ అనుమతి అడగడమేమిటి?

ముఖం, గొంతు, దస్తూరీ అయితే నిస్సంకోచంగా పోల్చండి. ‘వాడేమంటున్నాడో మేకౌట్ చేయలేకపోతున్నా’ అన్నచోట నేనైతే ‘బోధపడటం లేదు’ అంటాను. మాట సరిగా వినపడక తికమకపడితే పోల్చలేకపోతున్నా అన్నా కాదనను. చెక్కు విషయంలో మేకౌట్ అంటే ఫలానావారి పేర రాయడం. అమెరికా కుర్రకారు వాడే మరో అర్థం ఉంది, అది పాపకు ఇప్పుడే అక్కర్లేదు.