ఐదు రూపాయల బిళ్ళ జేబులో వేసుకుని షాపుకి వెళ్ళండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం పైగా కీబోర్డ్ కీస్ గురించే ఉన్నాయి. ఒకరికి సైజు కుదరట్లేదు, ఇంకొకరికి టచ్ కుదరట్లేదు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారికి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మా పాపకి ఎనిమిదేళ్ళు. చిన్న చేతులు కదా అని ఆన్‌లైన్‌లో మినీ కీస్ ఉన్న కీబోర్డ్ తెప్పించాం. ఇంట్లో చక్కగా వాయిస్తుంది, క్లాసుకెళ్తే మాత్రం వేలు పక్క కీ మీద పడిపోతోంది. టీచర్ గారు కీబోర్డ్ మార్చమంటున్నారు, మావారేమో చెయ్యి పెద్దదయ్యాక చూద్దాంలే అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, మధురవాడ

జవాబు: మార్చేయండమ్మా, ఆగొద్దు. పాప తప్పేమీ లేదు, ఇంట్లో చెయ్యికి ఏ దూరం అలవాటైందో క్లాసులోనూ అదే దూరం వేస్తోంది, అక్కడ కొలత వేరు.

పియానోలో ఒక తెల్ల కీ వెడల్పు దాదాపు 23.5 మిల్లీమీటర్లు, అంటే స నుంచి ని దాకా ఏడు తెల్ల కీస్ కలిపితే 164, 165 మిల్లీమీటర్లు. ఫుల్ సైజ్ అని అమ్మే కీబోర్డులు ఈ కొలతకి దగ్గర్లోనే ఉంటాయి, మోడల్‌ని బట్టి కాస్త అటూ ఇటూ అయినా చేతికి పెద్దగా తెలీదు. మినీ కీస్‌లో మాత్రం అవే ఏడు కీస్‌ని 140 దగ్గర్లో, కొన్నిట్లో ఇంకా తక్కువలో సర్దేస్తారు, కాసియో ఎస్‌ఏ సిరీస్‌లో పిల్లల మోడల్స్ ఈ రకమే. ఒక్కో కీకి చూసుకుంటే తేడా మూడున్నర మిల్లీమీటర్లు, ఇంతేనా అనిపిస్తుంది, కానీ స మీద నుంచి పై స కి వెళ్ళేసరికి ఏడు మూడున్నర్లు కలిసి సరిగ్గా ఒక కీ అంత అయిపోతుంది. అందుకే పాప పై స అనుకుని వేస్తే ని మోగుతోంది.

ఇక చిన్న చేతుల సంగతి. మొదట్లో పిల్లలు వాయించేది ఐదు వేళ్ళూ ఐదు కీస్ మీద పెట్టి, ఆ ఐదు కీస్ కలిపితే పన్నెండు సెంటీమీటర్లు కూడా ఉండదు, ఎనిమిదేళ్ళ పిల్ల చెయ్యి దానికి చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నాకూ ఇదే జరిగింది. చిన్నప్పుడు మా నాన్నగారు కొనడానికి వెళ్తే షాపతను పిల్లాడికి ఇదే కరెక్టండి అని మినీ కీస్‌దే ఇచ్చాడు, రెండేళ్ళు దానిమీదే సాధన చేశాను. తర్వాత స్కూలు ఫంక్షన్‌లో పెద్ద కీబోర్డ్ ముందు కూర్చోబెడితే కుడి చెయ్యి పైకి వెళ్ళిన ప్రతిసారీ ఒక కీ ముందే ఆగిపోయింది. ఆ అలవాటు పోవడానికి ఆర్నెల్లు పట్టింది.

మన విశాఖలో జగదాంబ వైపో డాబా గార్డెన్స్ వైపో షాపుకి వెళ్ళేటప్పుడు ఒక పసుపు రంగు ఐదు రూపాయల బిళ్ళ తీసుకెళ్ళండి, 2011 నుంచి 2018 లోపు వేసింది, సంవత్సరం చూసుకోండి. దాని వెడల్పు 23 మిల్లీమీటర్లు. తెల్ల కీ ముందు అంచు దగ్గర పెడితే ఫుల్ సైజ్ అయితే బిళ్ళ కీలోనే సరిపోతుంది, రెండు పక్కలా వెంట్రుకవాసి కూడా మిగలదు. మినీ అయితే పక్క కీ మీదకి ఎక్కేస్తుంది. 61 కీస్, ఫుల్ సైజ్, టచ్ రెస్పాన్స్ (గట్టిగా కొడితే గట్టిగా, మెల్లగా కొడితే మెల్లగా పలకడం), ఈ మూడూ ఉంటే పాపకి చాలా ఏళ్ళు నడుస్తుంది. ఎన్ని టోన్లు ఉన్నాయో లెక్కపెట్టకండి.

ప్రశ్న: అన్నా, ఆరేళ్ళుగా చర్చిలో 61 కీస్ దాని మీద వాయిస్తున్నాను. మొన్న క్రిస్మస్‌కి వెయిటెడ్ కీస్ ఉన్న 88 కీస్ డిజిటల్ పియానో ఇచ్చారు. సౌండ్ సూపర్, కానీ రెండు పాటలయ్యేసరికి మణికట్టు పట్టేసింది, ఫాస్ట్ పాటల్లో వేళ్ళు వెనకబడ్డాయి. ఇది అలవాటయ్యేదేనా?
– గాజువాక

జవాబు: అలవాటవుతుంది తమ్ముడూ, కానీ దీన్ని పాతదానిలాగే నొక్కుకుంటూ పోతే మాత్రం అవ్వదు. రెండిటికీ వెడల్పు ఒకటే కాబట్టి చూడ్డానికి తేడా ఏమీ తెలీదు, తేడా అంతా లోపలే. నీ పాత కీబోర్డ్‌లో ప్లాస్టిక్ కీ కింద స్ప్రింగ్ ఉంటుంది, నొక్కేకొద్దీ ఎదురు తోస్తుంది, వదలగానే పైకి లేస్తుంది. వెయిటెడ్ దాన్లో కీ లోపల చిన్న హ్యామర్ లాంటి బరువుని ఎత్తుతుంది, మొదలుపెట్టేటప్పుడే బరువు, ఒకసారి కదిలాక తన ఊపుతో తనే పోతుంది. యమహా వాళ్ళ జీహెచ్‌ఎస్ రకం వెయిటెడ్ కీస్ లాంటి వాటిలో ఎడమవైపు కీస్ ఇంకా బరువు, కుడివైపు వెళ్ళేకొద్దీ తేలిక, అసలు పియానో అలాగే ఉంటుంది కాబట్టి.

బరువు ఎంతో నువ్వే చూసుకోవచ్చు. పైన చెప్పిన ఐదు రూపాయల బిళ్ళ ఆరు గ్రాములు. తెల్ల కీ చివర ఒకదాని మీద ఒకటి మెల్లగా పెట్టుకుంటూ వెళ్ళు, కీ ఎప్పుడు దిగుతుందో చూడు. మామూలు పియానోలో దాదాపు 50 గ్రాములకి దిగుతుంది, అంటే ఎనిమిది తొమ్మిది బిళ్ళలు. పది రూపాయలది వాడకు, అది 27 మిల్లీమీటర్లు, పక్క కీస్ మీద ఆనుకుని ఆగిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, షాపుల్లో దీన్ని ఎవరూ చూడరు. కీ చివర కాకుండా లోపలికి, నల్ల కీస్ మధ్యలో తెల్ల కీని నొక్కి చూడు. తలుపుని గడియ దగ్గర తోస్తే వేలితో కదులుతుంది, బందు దగ్గర తోస్తే చెయ్యంతా పెట్టాలి కదా, ఇదీ అంతే. లోపల కీ పొట్టిగా ఉన్న మోడల్స్‌లో అక్కడ నొక్కడానికి రెట్టింపు బలం పెట్టినట్టు అనిపిస్తుంది, ఫ్లాట్లు షార్పులు, అంటే నల్ల కీస్, ఎక్కువున్న పాటల్లో వేళ్ళు ఉండేది అక్కడే, నీ మణికట్టు నొప్పికి అదీ ఒక కారణం కావచ్చు.

సౌండ్ వచ్చేశాక కూడా కీని అడుక్కి నొక్కి పట్టుకుంటున్నావేమో గమనించు, స్ప్రింగ్ కీస్ మీద వచ్చే అలవాటు అది. చేతి బరువుని కీ మీదకి వదిలి వెంటనే సడలించు. రోజూ పావుగంట నెమ్మది పాటలతో మొదలుపెట్టు, సెట్టింగ్స్‌లో టచ్ సాఫ్ట్‌లో పెట్టుకో, దానివల్ల కీ బరువు తగ్గదు గానీ తక్కువ బలానికే సౌండ్ వస్తుంది. ఆర్గాన్ టోన్లతో వాయించే ఫాస్ట్ పాటలు మాత్రం పాత 61 మీదే వాయించు, వాటికి స్ప్రింగ్ కీసే హాయి, దాన్ని అమ్మెయ్యకు. నెల దాటినా నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకో.

ప్రశ్న: బాబూ, నలభై ఏళ్ళు పద్య నాటకాలకి హార్మోనియం వాయించాను. మనవడు కీబోర్డ్ కొనిచ్చాడు. ఒకే మెట్టు ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా పలుకుతోంది. పైగా లోతుగా దిగుతోంది. పాడైందంటావా?
– భీమిలి

జవాబు: నమస్కారం పెద్దాయనా. పాడవలేదండి, అది దాని పద్ధతి. హార్మోనియంలో మెట్టు గాలికి దారి ఇస్తుందంతే, హెచ్చుతగ్గులన్నీ తిత్తి పట్టిన చేతిలో ఉంటాయి. ఇందులో తిత్తి లేదు కాబట్టి ఆ పని కూడా మెట్టే చేస్తుంది, ప్రతి మెట్టు కింద రెండు కాంటాక్టులు ఉంటాయి, మొదటిది తగిలాక రెండోది ఎంత తొందరగా తగిలిందో చూసి 1 నుంచి 127 లోపు ఒక అంకె వేసుకుంటుంది, వేగంగా కొడితే గట్టిగా పలుకుతుంది. మనవడితో టచ్ రెస్పాన్స్ ఆఫ్ చేయించండి, ఎలా నొక్కినా ఒకేలా పలుకుతుంది. టోన్ హార్మోనియం గానీ ఆర్గాన్ గానీ పెట్టించుకోండి, పియానో టోన్ అయితే మెట్టు పట్టుకున్నా నాదం ఆరిపోతుంది, రాగం తీయడానికి పనికిరాదు. మెట్ల వెడల్పు కూడా మీ పెట్టె కంటే కొంచెం ఎక్కువ అనిపిస్తుంది, నాలుగు రోజులు సరళీస్వరాలు వాయిస్తే చెయ్యి సర్దుకుంటుంది.

ప్రశ్న: నాకు ముప్పై ఐదేళ్ళు, ఈ మధ్యే పియానో మొదలుపెట్టాను. చెయ్యి చిన్నది, స నుంచి పై స అందట్లేదు. సన్న కీస్ ఉన్న పియానోలు ఉంటాయా?
– ఎంవీపీ కాలనీ

జవాబు: ఉన్నాయండీ, ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. జోసెఫ్ హాఫ్‌మన్ అని ప్రపంచమంతా పేరున్న పియానిస్టు, ఆయన చేతులు చిన్నవని స్టెయిన్‌వే వాళ్ళు సన్న కీస్‌తో పియానో చేసిచ్చారు. ఇప్పుడు డీఎస్ స్టాండర్డ్ అని చిన్న కొలతలు ఉన్నాయి, మామూలుగా ఆరున్నర అంగుళాలుండే ఆక్టేవ్, అంటే ఏడు తెల్ల కీస్ వెడల్పు, వీటిలో ఒకదాన్లో 6, ఇంకోదాన్లో 5.5 అంగుళాలే. మన ఊరి షాపుల్లో మాత్రం నాకు కనపడలేదు. మినీ కీస్ దాంతో సరిపెట్టుకోకండి, వాటికి పియానో టచ్ ఉండదు. రెండు స్వరాలూ ఒకేసారి అందనప్పుడు కింద స వేసి, పెడల్ తొక్కి పట్టుకుని, చెయ్యి జరిపి పై స వేయండి, వినేవాళ్ళకి రెండూ కలిసే వినపడతాయి.