ఇంటర్వెల్ తర్వాత కథ ఎందుకు కుంగుతోంది?

ప్రశ్న: ఎర్రచందనం దొంగరవాణా మీద రెండు గంటల క్రైమ్ కథ రాస్తున్నాను. దుంగలు స్వర్ణముఖిలో తేలుతూ పోతాయి. ఇంటర్వెల్‌లో ముఠా నాయకుడెవరో బయటపడతాడు. ఆ తర్వాత కథ నీరసపడుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ముందు నదిని తీసేయండి. ఎర్రచందనం చేవ, అంటే దుంగ లోపలి గట్టి కలప, నీటికంటే బరువు, ఘనపు మీటరు టన్ను దాటుతుంది. తేలదు, మునుగుతుంది. శేషాచలం పక్కన పెరిగిన ప్రేక్షకుడు అక్కడే నవ్వేస్తాడు.

ఆ బరువునే ఆధారంగా వాడుకోండి. పేజీకి నిమిషం లెక్కన మీది 120 పేజీల స్క్రిప్టు. 20వ పేజీలో, మదనపల్లెకు ఖాళీ టమాటా ట్రేలతో పోతున్న లారీకి కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగ్ పట్టీలు) కుంగి ఉండటం చూపించండి, ఎవరూ దాని గురించి మాట్లాడొద్దు. 85వ పేజీలో భాకరాపేట ఘాట్‌లో హీరోకు అది గుర్తు రావాలి.

అసలు జబ్బు ఇంటర్వెల్‌లో ఉంది. ‘ఎవరు?’కి జవాబు దొరికాక మిగిలేది వెంటాడటమే. నాయకుడు ప్రేక్షకుడికి మాత్రమే తెలియాలి; హీరో అతని ఇంట్లోనే భోంచేస్తుండాలి. పాటలా? రెండోసగంలో ఒకటే ఎక్కువ.